అమ్మ తోమిన గిన్నె

మా అమ్మ ఎవరింటికి వెళ్లినా అంట్లు తోమేది. భోజనం ముగించి చెయ్యి కడుక్కోగానే కొంగు నడుముకు దోపుకుని పెరట్లోకి నడిచేది. ఇంటావిడ కంగారుపడి వెనకాలే వెళ్లేది. మీరు పెద్దవారు, ముట్టుకోవద్దని బతిమాలేది. అమ్మ జవాబు చెప్పేది కాదు. పీట లాక్కుని, గిన్నెలన్నీ దగ్గరకు చేర్చుకుని, బూడిద, కొబ్బరి పీచు అడిగేది. కాసేపటికి ఇటుక ముక్క కూడా అడిగేది. మొన్న అమ్మ పోయినప్పుడు, భూస్థాపన ఆరాధనలో మాట్లాడినవాళ్లందరూ ఈ సంగతే చెప్పారు. మా చర్చికి కొత్తగా వచ్చిన అయ్యగారు, పాస్టరుగారిని మేము అలాగే పిలుస్తాం, ప్రభువు శిష్యుల పాదాలు కడిగాడు, దీనమ్మగారు మన అంట్లు కడిగారు అన్నారు. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. అమ్మలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకోగలిగినది అదొక్కటే అని ఆ రోజు అనుకున్నాను.

తరువాతి వారం పెనుగొలను వెళ్లాను. అక్కడ మా మేనత్త మార్తమ్మ ఉంది. తుంటి విరిగి మంచం మీదే ఉండటంతో ఆమె తన వదినను ఆఖరిసారి చూడలేకపోయింది. ఎవరో ఒకరు వెళ్లి కూర్చుని జరిగినదంతా చెప్పాలి. తిరువూరులో షేర్ ఆటో ఎక్కితే పత్తి తీతకు పోయే ఆడవాళ్ల మధ్య సగం సీటు దొరికింది. అత్తయ్యకు చెప్పవలసినదంతా చెప్పాక, ఆమె మనవడి భార్య కీర్తన నాకు అన్నం పెట్టింది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. పప్పును ఒక పాత స్టీలు గిన్నెలో తెచ్చి నా ముందు పెట్టింది. మందపాటి అంచు, కింద సన్నటి అడుగు. అలాంటి గిన్నెను చూసి చాలా ఏళ్లయింది. అయినా చూడగానే గుర్తుపట్టాను. దాని గురించి చెప్పాలంటే ముందు మా అక్క గురించి చెప్పాలి. మా ఇంట్లో ఎవరూ ఆమె గురించి మాట్లాడేవాళ్లు కాదు. ఇప్పుడు ఆ ఇంట్లోవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను.

మా ఇల్లు తిరువూరులో చర్చి వెనక సందులో ఉండేది. రెండు గదులు, పెంకుల కప్పు, పెరట్లో నుయ్యి. నాన్న మిషను బడిలో పంతులు, చర్చిలో పెద్ద. తెల్లవారకముందే చాప పరిచి, కిరోసిను దీపం పెట్టి కుటుంబ ప్రార్థన జరిగేది. ఇప్పటికీ కిరోసిను వాసన వస్తే నాకు మోకాళ్లు వంగుతాయి. నాన్న ప్రార్థన చిన్నది. అమ్మది పొడుగు. పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి మోకరించి, ఇంట్లోవాళ్ల పేర్లు, వీధిలోవాళ్ల పేర్లు, ఈనబోయే గేదె సంగతి, అన్నీ వరుసగా దేవుడికి చెప్పేది. అన్నం పొంగే వాసన రాగానే కళ్లు తెరవకుండానే "ఎస్తేరూ, మూత" అనేది. ఆ వెంటనే ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టేది. అక్క లేచి వెళ్లి మూత తీసి వచ్చి నా చెవిలో, "తనకే చెప్పిందనుకుని దేవుడు కూడా లేచుంటాడే" అనేది. నేను నవ్వేదాన్ని. దెబ్బ నాకే పడేది.

ఎస్తేరు అన్న పేరు అమ్మే పెట్టింది. తన జనాన్ని కాపాడిన రాణి పేరు. బైబిలులో ఆ రాణి కథ చెప్పే పుస్తకంలో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు. సండే స్కూల్లో ఈ మాట ఎవరూ చెప్పలేదు. పెళ్లయిన చాలా ఏళ్లకు, ఒక మధ్యాహ్నం తీరిగ్గా చదువుకుంటూ నేనే గమనించాను. చదవడం నాకు నాన్న నుంచి వచ్చింది. ఆయన దగ్గర ఒక ఇనప్పెట్టె నిండా వ్యాఖ్యాన గ్రంథాలు ఉండేవి. సాయంత్రాలు మా ఇద్దరినీ కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేవాడు. పాత నిబంధన అయిపోయి కొత్త నిబంధన మొదలయ్యే చోట మా బైబిలులో ఒక ఖాళీ కాగితం ఉండేది. మలాకీ ప్రవక్త తరువాత నాలుగు వందల ఏళ్లు దేవుడు ఎవరితోనూ మాట్లాడలేదని, ఆ నాలుగు వందల ఏళ్లే ఈ కాగితమని నాన్న ఒకరోజు చూపించాడు. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆ నాలుగొందల ఏళ్లూ ఎవరికీ జ్వరం రాలేదా నాన్నా?"

వచ్చే ఉంటుందన్నాడు నాన్న. మరి వాళ్లు ఎవరికి చెప్పుకున్నారని అడిగింది. నాన్న పుస్తకాల్లో చూసి చెబుతానమ్మా అన్నాడు. చెప్పలేదు.

ఆ ప్రశ్న అడగడానికి అక్కకు కారణం ఉంది. చిన్నప్పుడు ఆమెకు కీళ్ల జ్వరం వచ్చింది. మోకాళ్లు వాచి తగ్గేవి, ఆ తరువాత మోచేతులు వాచేవి. బెజవాడలో డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడట. జ్వరం కీళ్లను వదిలిపెట్టింది గానీ గుండెలో ఒక తలుపు సరిగా మూసుకోవడం లేదని చెప్పాడట. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించాలి, పెద్దయ్యేదాకా మానకూడదు. తిరువూరులో కాంపౌండరు ఇంటికి నాన్న ఆమెను సైకిలు మీద తీసుకువెళ్లేవాడు. ఆ మందు చిక్కగా ఉండి, వేసిన చోట రాయిలా గడ్డకట్టేది. తిరిగి వచ్చేటప్పుడు అక్క సైకిలు మీద కూర్చోలేక కుంటుకుంటూ నడిచేది. నాన్న సైకిలు నడిపించుకుంటూ పక్కన వచ్చేవాడు. దారిలో జీళ్లు కొనిపెట్టేవాడు. అందులో సగం నాకు వచ్చేవి. అందుకని సూది రోజు కోసం నేను ఎదురుచూసేదాన్ని.

ఒక వేసవిలో, మామిడికాయలు కోతకు వచ్చిన రోజుల్లో, చర్చి ముందు పందిరి వేసి ఉజ్జీవ కూటాలు పెట్టారు. ఎక్కడి నుంచో, స్వస్థత ప్రార్థనలు చేసే ఒక దైవజనుడు వచ్చాడు. లాజరు సమాధి ముందు ప్రభువు ఏం చేశాడో గమనించమన్నాడు. చనిపోయినవాడు బయటికి రాకముందే, ఇంకా లోపల ఉండగానే, తన మనవి విన్నందుకు తండ్రికి కృతజ్ఞత చెప్పాడు. జవాబు వచ్చాక కృతజ్ఞత చెప్పడం ఎవరైనా చేస్తారు, రాకముందే చెప్పేవాడు విశ్వాసి. దేవుడు మౌనంగా ఉన్నాడని మీరు అనుకుంటున్నారు, ఆయన మీ కృతజ్ఞత కోసం ఎదురుచూస్తున్నాడు అన్నాడు. అమ్మ ముందు వరసలో కూర్చుని తల ఊపుతూ ఉంది. కూటం చివర అక్కను ముందుకు తీసుకువెళ్లింది. ఆయన అక్క తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. అక్క వెనక్కి పడిపోయింది. జనం దేవుణ్ణి స్తుతించారు. ఇంటికి వచ్చాక నిజంగా ఏమైందని అడిగితే, "తోశాడే. పడకపోతే మళ్లీ తోస్తాడని పడ్డాను" అంది.

ఆ వేసవి అంతా అక్కకు బాగానే ఉంది. ఎండాకాలంలో ఎప్పుడూ బాగానే ఉండేది. అమ్మ దాన్నే స్వస్థత అంది. ఇక సూది వద్దంది. వేయిస్తే సందేహించినట్టే, సందేహిస్తే ఇచ్చినది ఆయన వెనక్కి తీసుకుంటాడు. సూది వేయిద్దాం, ప్రార్థనా చేద్దాం అని నాన్న మెల్లగా అన్నాడు. రెండూ అంటే ఒక్కటీ కాదంది అమ్మ. నాన్న వాదించగలడు. ఒంట్లోని ముల్లు తీయమని పౌలు అడిగితే దేవుడు తీయలేదని, బిడ్డ కోసం దావీదు ఉపవాసం ఉండి నేల మీద పడి ఏడ్చినా ఆ బిడ్డ బతకలేదని మాకు చెప్పినవాడు ఆయనే. కానీ అమ్మను కాదంటే తన విశ్వాసం భార్య విశ్వాసం కన్నా తక్కువని ఒప్పుకోవడం అవుతుంది. చర్చి పెద్ద అలా ఒప్పుకోవడం కష్టం.

మాలో ప్రార్థనకు జవాబు వస్తే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతారు. సంఘాన్ని పిలిచి, పాటలు పాడి, సాక్ష్యం చెప్పి, భోజనం పెడతారు. అమ్మ ఆ కూడికను ముందే పెట్టింది. నాన్న బెజవాడ వెళ్లి ఇంటికొకటి చొప్పున స్టీలు గిన్నెలు కొని తెచ్చాడు. స్టీలు అప్పుడప్పుడే మా ఇళ్లలోకి వస్తోంది, అందరికీ మోజు. అంచు కింద సన్నటి చుక్కల అక్షరాలతో రాయించాడు: కుమారి ఎస్తేరు స్వస్థత కృతజ్ఞత కూడిక. దేవునికే మహిమ. పెరట్లో కోడికూర ఉడుకుతుండగా అక్క తెల్ల ఓణీ వేసుకుని నిలబడి, దేవుడు తనను స్వస్థపరిచాడని, తన గుండెలో తలుపు ఇప్పుడు మూసుకుంటోందని చెప్పింది. అందరూ ఆమేన్ అన్నారు. భోజనాలయ్యాక ఒక్కొక్కరికీ గిన్నె ఆమే అందించింది. పెనుగొలను నుంచి వచ్చిన మార్తమ్మత్త కూడా ఒకటి తీసుకుంది.

వానలు పడ్డాక మోకాళ్లు మళ్లీ వాచాయి. అక్క ఆ మాట అమ్మతో చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"మోకాళ్లు లాగేస్తున్నాయమ్మా."

"అలా అనకూడదు. సాక్ష్యం చెప్పావు. సంఘమంతా విన్నది."

"వింటే? నొప్పి పోద్దా?"

"నోటితో అనకు ఎస్తేరూ. అన్నదే అవుద్ది."

అప్పటి నుంచి మా ఇంట్లో నొప్పి, జ్వరం, ఆయాసం అనే మాటలు ఎవరూ పలకలేదు. ఎవరడిగినా బాగుందని చెప్పమని నాకూ నేర్పింది. జబ్బు పిల్లల్ని ఎత్తుకుని అక్కను చూడటానికి జనం వచ్చేవాళ్లు. ఒకసారి విస్సన్నపేట నుంచి ఒక జంట వచ్చింది. తల్లి ఒళ్లో పిల్లాడు మెడ నిలపలేకపోతున్నాడు. వాళ్లకు ధైర్యం రావాలని అమ్మ అక్కను నూతి దగ్గర నుంచి బిందెడు నీళ్లు తెమ్మంది. అక్క బిందె చంకన పెట్టుకుని తెచ్చింది, దించింది, నవ్వింది. ఆ తల్లి ఆనందం పట్టలేక ఏడ్చింది. అక్క ఇంటి వెనక్కి వెళ్లి గోడ పట్టుకుని నిలబడింది. నేను వెళ్లేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. అమ్మను పిలవనా అన్నాను. "వద్దు. గిన్నె మీద రాసుంది కదే. గిన్నె అబద్ధం ఆడుద్దా?" అంది. నవ్వబోయింది గానీ ఊపిరి చాలలేదు.

దాచడం నేర్చుకుంది. ఆయాసం వచ్చినప్పుడల్లా చేట తెచ్చుకుని కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేది. ఆ ఏడాది మా అన్నంలో ఒక్క రాయి కూడా తగల్లేదు. పడుకుంటే ఊపిరి అందక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. అమ్మ అడిగితే ప్రార్థన చేసుకుంటున్నానని చెప్పింది. మా ఎస్తేరు తెల్లవార్లూ ప్రార్థనలోనే ఉంటుందని అమ్మ చర్చిలో ఆడవాళ్లతో చెప్పుకునేది. కాంపౌండరు ఒకరోజు బజారులో నాన్నను ఆపి, అమ్మాయిని తీసుకురావడం లేదేమిటని అడిగాడు. తగ్గిపోయిందండి అన్నాడు నాన్న. ఆ రోజు కూడా జీళ్లు కొన్నాడు. పొట్లం మొత్తం నా చేతిలోనే పెట్టాడు.

శుభ శుక్రవారం నాడు మా చర్చిలో మధ్యాహ్నం నుంచి మూడింటి దాకా ఆరాధన ఉంటుంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. నాలుగో మాట ఎప్పుడూ నాన్నదే. తండ్రి తనను ఎందుకు విడిచిపెట్టాడని కొడుకు అడిగిన మాట. ఆ ఏడాది నాన్న చెప్పినంత బాగా ఆ మాట మీద ఇంకెవరూ చెప్పగా నేను వినలేదు. బాప్తిస్మమప్పుడు ఆకాశం నుంచి స్వరం వచ్చింది, కొండ మీద వచ్చింది, సిలువ దగ్గర మాత్రం రాలేదు అన్నాడు. ముందు రాత్రి తోటలో ఈ శ్రమల గిన్నె తొలగించమని అడిగితే తొలగించలేదు. ఇక్కడ ఎందుకని అడిగితే కారణం చెప్పలేదు. కొడుకు అడిగిన ప్రశ్న సువార్తలో జవాబు లేకుండా అలాగే ఉండిపోయింది. అలాగని తండ్రి లేడనుకోవద్దు, తలుపు అవతలే ఉన్నాడు, గడియ మీద చెయ్యి పెట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాడు, మన కోసమే తీయలేదు అన్నాడు. చర్చి అంతా ఏడ్చింది. అక్క ముందు వరసలో చాప మీద, రెండు అరచేతులూ నేలకు ఆనించి కూర్చుంది. నాన్న పుస్తకం మీద నుంచి తల ఎత్తలేదు.

ఆయన వెళ్లి కూర్చున్నాక అక్క నా వైపు వంగింది. "గడియ మీద చెయ్యుంది కదే. తీయొచ్చుగా" అంది.

అయిదో మాట మొదలైంది. అక్క చాప మీద జరుగుకుంటూ అమ్మ దగ్గరకు వెళ్లింది. నేనూ వెనకాలే వెళ్లాను. "అమ్మా, నాకు ఊపిరి ఆడట్లేదని చెప్పనా?" అని అడిగింది. అమ్మ ఆమె ముఖం చూసింది. అప్పుడు చుట్టూ ఉన్న ఆడవాళ్లను చూసింది. వాళ్లందరి ఇళ్లలోనూ గిన్నెలున్నాయి.

"ఏడో మాట అవ్వనీ" అంది.

ఏడో మాట అయ్యి, ఆశీర్వాదం చెప్పేదాకా అక్క అమ్మ భుజానికి తల ఆనించి కూర్చుంది. మూడు దాటాక నాన్న ఆమెను ఎత్తుకుని బస్టాండుకు పరిగెత్తాడు. అమ్మ ప్రార్థన చేయడానికి ఉండిపోయింది. బెజవాడ బస్సులో, మైలవరం దగ్గర, నాన్న ఒళ్లో అక్క చనిపోయింది. నాన్న కండక్టరుకు చెప్పలేదు. నిద్రపోయిన పిల్లను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని దిగి, ఎదురు బస్సు ఎక్కి తిరువూరు తీసుకువచ్చాడు. ఆ బస్సులో కూడా ఇద్దరికీ టికెట్టు తీసుకున్నాడు. శనివారం పాతిపెట్టాం. ఆదివారం ఈస్టరు. అమ్మ తెల్లచీర కట్టుకుని పునరుత్థానం పాటలన్నీ పాడింది.

ఆ వారంలోనే అప్పటి అయ్యగారు, ఇద్దరు పెద్దలు ఇంటికి వచ్చారు. వాళ్లకు మా మీద ప్రేమ లేకపోలేదు. బైబిలులో బిడ్డల్ని పోగొట్టుకున్న యోబును చూడవచ్చిన స్నేహితులకూ ప్రేమ ఉంది, ఏడు రోజులు నేల మీద అతనితో కూర్చున్నారు, ఆ తరువాత తప్పు నీలోనే ఉందన్నారు. ప్రతి ఇంట్లో గిన్నె ఉంది, జనం ఏమని చెప్పుకోవాలో తెలియక అడుగుతున్నారు. అయ్యగారు చాలాసేపు అటూ ఇటూ మాట్లాడి చివరికి, ఇంట్లో ఎవరైనా సందేహించారా అమ్మా అని అడిగాడు. నాన్న నోరు తెరిచాడు. ఆయన ఏం చెప్పబోయాడో నాకు తెలియదు. ఆయన కన్నా ముందే అమ్మ అంది.

"అదే సందేహించింది అయ్యగారూ. మొదటి నుంచీ."

అయ్యగారు ఊపిరి పీల్చుకున్నాడు. పెద్దలిద్దరూ తలలు ఊపారు. నాన్న నోరు మూసుకున్నాడు. అందరం మోకరించాం, అయ్యగారు ప్రార్థించాడు. యోబు గ్రంథం చివర దేవుడు మాట్లాడతాడు, స్నేహితులు తన గురించి సరిగా మాట్లాడలేదని వాళ్ల ముఖానే చెబుతాడు. మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. వారం తిరిగేసరికి తిరువూరు సంఘానికి, గంపలగూడెం వైపు మా బంధువులకు సంగతి తెలిసిపోయింది. దీనమ్మ కూతురు సందేహించింది, అందుకని దేవుడు స్వస్థతను వెనక్కి తీసుకున్నాడు. చనిపోయిన పిల్ల కాదనలేదు.

నాన్న మళ్లీ నాలుగో మాట చెప్పలేదు. ఏ మాటా చెప్పలేదు. కొన్నేళ్లకు ఆయనా పోయాడు. ఒకరిద్దరు గిన్నెలు తిరిగి ఇవ్వడానికి వచ్చారు. ఇచ్చినవి ఉంచుకోమంది అమ్మ. మేము భోజనానికి వెళ్లిన ఇళ్లలో మొదట్లో వాటిని ముందే తీసి దాచేవాళ్లు. ఎవరైనా మరిచిపోయి పచ్చడి వేసి పెడితే, అక్షరాలున్న వైపు గోడకు తిప్పేవాళ్లు. నేను పెద్దయ్యాక అమ్మను అడిగాను. నాకు కూతురు పుట్టినప్పుడు అడిగాను, నాన్న పోయినప్పుడు అడిగాను. అక్క సందేహించిందని ఎందుకన్నావు? అమ్మ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లేది. ఒక్క మాట వెనక్కి తీసుకోమని అడిగాను, అంతే. అయ్యగారికి చెప్పనక్కర్లేదు, నాకు చెబితే చాలనుకున్నాను.

చివరి నెలల్లో అమ్మకూ గుండె బలహీనపడింది. నా ఇంట్లో, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. డాక్టరు ఎలా ఉందని అడిగితే బాగుందనేది. కొత్త అయ్యగారు స్వస్థత ప్రార్థన చేయడానికి వచ్చినప్పుడు చెయ్యెత్తి ఆపింది.

"స్వస్థత కోసం వద్దండి."

"మరి ఏం అడగమంటారమ్మా?"

"ఏమీ అడగొద్దు. కాసేపు ఊరికే కూచోండి."

ఆయన చిన్నవాడు. ఊరికే కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. గట్టిగా, మంచి మనసుతో, పొడుగ్గా ప్రార్థించాడు. అంతసేపూ అమ్మ కళ్లు తెరిచే ఉంది. ప్రార్థనలో ఆమె కళ్లు తెరిచి ఉండగా నేను చూడటం అదే మొదలు. ఆయన వెళ్లాక ఆఖరిసారి అడిగాను. అమ్మ మంచినీళ్లు ఇవ్వమంది. దేవుడి మౌనం గురించి నాన్న పుస్తకాల్లో చాలా చదివాను. అది శిక్ష అని ఒకరు, పరీక్ష అని ఒకరు, మనకు వినపడని మాట అని ఒకరు రాశారు. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడినప్పుడు వాటిలో ఒక్క వాక్యమూ నాకు అక్కరకు రాలేదు.

ఇప్పుడు తిరువూరులో ఎవరూ సూదులు మానిపించరు. మందులు కూడా దేవుడిచ్చినవే అని అయ్యగారు స్టేజీ మీద నుంచే చెబుతారు. ప్రార్థన మనవులు ఫోనులో వాట్సాప్ గ్రూపుకు వస్తాయి. ఫలానావారికి ఆపరేషను, ఫలానావారి అబ్బాయికి డెంగీ అని రాగానే కిందంతా చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి. అక్క కాలంలో ఇవన్నీ ఉంటే బతికేది. ఆ మాట తెలిసే రాస్తున్నాను. మారనిది ఒకటుంది. ఆదివారం సాక్ష్యాల సమయంలో తగ్గినవాళ్లు లేచి చెబుతారు. తగ్గనివాళ్లు లేవరు. బైబిలులో కీర్తనలు రాసినవాళ్లు లేచారు, ఇంకా ఎంతకాలమని దేవుణ్ణి అడిగారు, అడిగిన మాటను జవాబు లేకుండానే పుస్తకంలో ఉంచారు. మేము వాటిని రాగం కట్టి పాడుకుంటాం. పాడి, బాగున్నామని చెప్పి ఇళ్లకు పోతాం.

పెనుగొలనులో ఆ మధ్యాహ్నం కీర్తన అన్నం తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు, పప్పు గిన్నెను తిప్పి చూశాను. అంచు కింద అక్షరాలున్నాయి. స్వస్థత కృతజ్ఞత కూడిక. దేవునికే మహిమ. వాటి ముందు ఏమీ లేదు. కుమారి ఎస్తేరు అని ఉండవలసిన చోట గీతల మీద గీతలు పడి, స్టీలు మసకబారి, వేలికి పల్లంగా తగిలింది. మిగిలిన గిన్నె అంతా నునుపుగా ఉంది.

మంచం మీద నుంచి అత్తయ్య చూస్తోంది. "మీ అమ్మ పనే" అంది. వచ్చినప్పుడల్లా అంట్ల దగ్గర కూర్చుని, ముందు మిగతావన్నీ తోమేసి, చివరికి ఈ గిన్నె తీసుకుని ఇటుక ముక్కతో ఆ ఒక్క చోటే రుద్దేదట. ఎందుకని అత్తయ్య ఒకసారి అడిగిందట. తోముకోనీ మార్తా, అందట. "ఒక్క మా ఇంట్లోనేనా. గిన్నెలున్న ప్రతి ఇంట్లోనూ అంతేగా" అంది అత్తయ్య. భూస్థాపన రోజు అంతమంది మెచ్చుకున్నది దీన్నే.

దీన్ని రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. సందేహించిన పిల్ల అని ఊరంతా చెప్పుకునేలా చేసింది తానే కాబట్టి, కనీసం గిన్నెల మీద నుంచైనా ఆ పేరు తీసి కూతుర్ని కాపాడాలనుకుని ఉండొచ్చు. లేదా, పేరు పోతే మిగిలినదంతా నిజమే అవుతుంది. స్వస్థత ఉంది, కృతజ్ఞత ఉంది, మహిమ దేవునికే ఉంది. వాటిని అబద్ధం చేసినది ఆ పిల్ల ఒక్కతే. అమ్మ ఎలాంటి మనిషో నాకు తెలుసు. రెండోదే అయి ఉంటుందని నా నమ్మకం. మొదటిది కావాలని కోరుకుంటాను. ఇక చెప్పేవాళ్లు లేరు.

కీర్తన అన్నం గిన్నెతో వచ్చి నా చేతిలోని గిన్నెను చూసింది.

"నేనూ చూశానత్తయ్యా. పేరు లేదేంటా అనుకున్నా. ఎవరికి తగ్గింది?"

మార్తమ్మత్త ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"మా అక్క ఎస్తేరుకి" అన్నాను. "తగ్గలేదు."

ఆ పిల్ల గరిటె కింద పెట్టి నా చేతిలోని గిన్నె అందుకోబోయింది. ఇంకో గిన్నెలో తెస్తానుండండి అంది. వద్దమ్మా, వడ్డించు అన్నాను. ఆ పప్పే కలుపుకుని తిన్నాను. చెయ్యి కడుక్కుని గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్లాను. కుళాయి పక్కన గట్టు మీద ఇటుక ముక్క ఉంది, ఒక వైపు అరిగి గుండ్రంగా అయ్యింది. పీట మీద కూర్చుని, స్వస్థత అన్న మాట మీద ఆ ముక్క పెట్టి రుద్దడం మొదలుపెట్టాను. మణికట్టు లాగేదాకా రుద్దాను. నీళ్లు పోసి చూస్తే మాట అలాగే ఉంది. ఒక్క చుక్క కూడా చెరగలేదు. అమ్మ ఎన్నాళ్లు రుద్దిందో అప్పుడు తెలిసింది. గిన్నె ఒళ్లోకి తీసుకుని మళ్లీ రుద్దుతుంటే కీర్తన కంగారుగా వచ్చింది. "మీరు పెద్దవారు, ముట్టుకోవద్దత్తయ్యా, నాకివ్వండి" అంది.

నేను జవాబు చెప్పలేదు.